కప్ప బండి, తపేలా మూత

రేష్మా, నువ్వు పాత కార్లు పరీక్ష చేసే కంపెనీలో చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. "దాదీ పనే నాకొచ్చిందని చెప్పు" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. సంతోషమే తల్లీ. కానీ నా పని ఏమిటో నీకు గానీ, నీ తమ్ముడు ఇమ్రానుకు గానీ నేను ఏనాడూ కూర్చోబెట్టి చెప్పలేదు. మీరు పూణేలో పెరిగారు. సెలవులకు నరసరావుపేట వచ్చే వయసు మీకు వచ్చేసరికి నా చేతిలో దబ్బనం పోయి జపం చేసుకునే తస్బీ వచ్చింది.

షాపు ఎలా పెరిగింది, ఎవరెవరు పనిచేశారు, ఆ సంగతులన్నీ మీ నాన్నకు తెలుసు. అవి అతన్ని అడగండి. నేను చెప్పేది బండిని చూడటం గురించి, చూసి నోరు విప్పటం గురించి.

గోనె పరదా వెనక

మా షాపు వినుకొండ రోడ్డు మీద ఉండేది. ముందు భాగంలో మీ దాదా మస్తాన్ ఇంజన్ల పని చేసేవాడు. వెనక గదికి గోనె పట్టా పరదా. ఆ పరదా వెనక మా అత్త హుసేన్‌బీ, నేను సీట్లు, జీపు టాపులు కుట్టేవాళ్లం. గిరాకీ ముందు కూర్చునేది, సీటు మాత్రం ఊడదీసి వెనక్కి పంపేవాళ్లు. అందుకని నేను చానా కాలం బండ్ల మొహాలు చూడలేదు. సీట్లు చూసే బండిని ఊహించుకునేదాన్ని.

మా అత్తే నా మొదటి బాసు. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. సీటు తెచ్చి నా ముందు వేసి, "కళ్లు మూసుకుని చెయ్యి లోపల పెట్టవే, ఏం తగిలిందో చెప్పు" అనేది. కొబ్బరి పీచు అంటే ఒక దెబ్బ. "ఎన్నాళ్ల పీచు? ఎండిందా, చెమట తాగిందా?" అని ఇంకో ప్రశ్న. నాకు ఏడుపు వచ్చేది. కానీ ఆమె నేర్పింది ఒక్కటే, మనుషులు సీటు పైన తుడుస్తారు, లోపల తుడవరు.

ఒకసారి ఒక బ్రోకరు నాదెండ్ల నుంచి ఒక కారు తెచ్చాడు. ఒకే డాక్టరు వాడిన బండి అని, వెనక సీట్లో ఎవరూ కూర్చోనే లేదని చెప్పి అమ్మబోతున్నాడు. కొనేవాడు జాగ్రత్తపరుడు, సీటు విప్పి చూడమన్నాడు. నేను రెగ్జిన్ ఎత్తానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. స్ప్రింగుల కింద మిరపగింజలు, గుప్పెళ్లకు గుప్పెళ్లు. ఆ సీటు మీద మిరపకాయ బస్తాలు మోసినట్టున్నారు.

మా అత్త పరదా ఎత్తి, "ఏమయ్యో, డాక్టరు గారు మందుల బదులు మిరపకాయలు రాశాడా?" అంది.

బ్రోకరు ఏమాత్రం తడబడలేదు. "ఆయనకు బజ్జీలంటే పిచ్చి పిన్నీ" అన్నాడు.

కొనేవాడితో సహా అందరూ నవ్వారు. బండి అమ్ముడుపోయింది కూడా, మిరపకాయ బండికి తగ్గ ధరకు. అప్పట్నుంచి పాత బండి కొనే ముందు "పరదా వెనక చూపిద్దాం" అనడం పేటలో అలవాటైంది.

అబద్ధం పట్టుకున్నప్పుడు మనకు మనం గొప్పగా కనిపిస్తాం. నేను చూసినవాళ్లలో ఈ పనిలో చెడిపోయినవాళ్లంతా ఆ రుచి మరిగే చెడిపోయారు. అందుకే ఈ రెండో సంగతి చెప్తున్నాను.

కప్ప బండి వచ్చింది

తాలూకాలు పోయి మండలాలు వస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం రోడ్డు మీద జనం గుమిగూడారు. పరదా సందులోంచి చూస్తే ఎర్రటి చిన్న కారు. ఇంగ్లండులో చేసింది. రెండే సీట్లు, పైన టాపు లేదు, నేలకు అంటుకుపోయినట్టు ఉంది. ముందు రెండు గుండ్రటి లైట్లు. గురజాలలో దాన్ని అందరూ కప్ప బండి అనేవాళ్లట.

సాగర్ డ్యాం కట్టేటప్పుడు మాచర్లలో పనులు చేసిన ఒక కాంట్రాక్టరు దాన్ని మోజుపడి తెప్పించుకున్నాడు. ఆయన పెద్దవాడైపోయాక బండిని గురజాలలో ఒక షెడ్డులో పెట్టి, దాని డ్రైవరు ఆదెయ్యకే అప్పగించాడు. ఆ పెద్దాయన పోయాడు. గుంటూరులో ఉండే కొడుకు రామ్మోహన్ ఇప్పుడు దాన్ని అమ్ముతున్నాడు. హైదరాబాదులో పాత స్పోర్ట్స్ కార్లు పోగు చేసే ఒక ఆసామి కొంటానన్నాడు. ఒక షరతు పెట్టాడు. రేకు నుంచి సీటు దాకా కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉండాలి. మారిన వస్తువు ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. ఆయన రెండు రోజుల్లో వస్తాడు, ఈలోగా మా షాపులో చూసి చెప్పమన్నారు.

పక్క సీట్లో రామ్మోహన్‌ను కూర్చోబెట్టుకుని బండిని తోలుకొచ్చింది ఆదెయ్యే. అరవై దాటిన మనిషి. దిగగానే భుజం మీది తువాలుతో లైట్ల మీద దుమ్ము తుడిచాడు. ఆ తర్వాతే తన మొహం తుడుచుకున్నాడు.

మీ దాదా పని మొదలుపెట్టాడు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీ పుస్తకంతో సరిపోయాయి. తర్వాత అయస్కాంతం తీశాడు. గుద్దుకున్న బండికి రేకు బదులు పుట్టీ మెత్తి రంగేస్తారు. అక్కడ అయస్కాంతం అంటదు. మా పల్నాడులో బండి చూసే ప్రతి మెకానిక్కు జేబులో అదొకటి ఉండేది. మడ్‌గార్డుల మీద పెట్టాడు, టక్కున అంటుకుంది. బానెట్ మీద పెట్టాడు, జారి కిందపడింది. డోరు మీద పెట్టాడు, పడింది. డిక్కీ మూత మీద కూడా అంతే.

మీ దాదా నిజాయితీ మనిషి. ఉన్నదున్నట్టు గట్టిగా చెప్పడం ఆయన అలవాటు. ఎదురుగా టీ కొట్టు దగ్గర పదిమంది నిలబడి చూస్తుంటే అన్నాడు. "బానెట్, డోర్లు, డిక్కీ మూత ఒరిజినల్ రేకు కాదండీ. పుట్టీయో, ఫైబరో. మార్చారు."

ఆయన ఆ మాట ఎవరి మీదా నెట్టలేదు. కానీ ఆ మూడూ ఏమిటి? బోల్టులు విప్పితే ఊడొచ్చే వస్తువులు. విడిగా అమ్ముకోగలిగినవి. రామ్మోహన్ మొహం మారిపోయింది.

"ఆదెయ్యా, ఇన్నేళ్లు బండి నీ చేతిలోనే ఉంది గదా. ఎవరికి అమ్మావు?"

ఆదెయ్యకు ముందు అర్థం కాలేదు. "ఏంది బాబూ?"

"బానెట్టు. డోర్లు. మద్రాసోళ్లకా, బెజవాడోళ్లకా?"

టీ కొట్టు దగ్గర ఎవడో, "సీటు మాత్రం వదిలాడా ఏంది, తోలు పోయి రెగ్జిన్ వచ్చింది గదా" అన్నాడు. ఇంకెవడో నవ్వాడు. "ఎల్లుండి ఆసామి రానీ, ఆయన ముందే తేలుద్దాం. కాకపోతే స్టేషనుకు పోదాం" అని రామ్మోహన్ పేటలో బంధువుల ఇంటికి వెళ్లిపోయాడు.

ఆదెయ్య కాదనలేదు, ఒట్టు పెట్టలేదు. షాపు పక్కన పాత లారీ టైరు ఉంటే దాని మీద కూర్చున్నాడు. మీ దాదా టీ పంపాడు, తాగలేదు. నేను మంచినీళ్లు తీసుకెళ్లాను, ముట్టలేదు.

"నీళ్లేం చేశాయి బాబాయ్, తాగు" అన్నాను.

"దొంగకు నీళ్లు పోస్తారా ఎవరన్నా?" అన్నాడు. నా వైపు చూడలేదు.

పొగాకు వాసన

సీట్లు నా వంతు. మర్నాడు పొద్దున సీటు ఊడదీసి పరదా వెనక వేసుకున్నాను. పైన నల్ల రెగ్జిన్, మా వైపు కుట్టు. హైదరాబాదు ఆసామి అడిగింది ఎర్ర తోలు. చూడగానే మార్చారనే చెప్పొచ్చు. కానీ ముక్కుకు ఒక వాసన తగిలింది. పొగాకు.

పరదా తీసి, టైరు మీదున్న ఆదెయ్యను అడిగాను. "బాబాయ్, ఈ సీటు యాడ కుట్టించావు?"

"మాచర్లలో" అన్నాడు. కాసేపాగి, "విప్పి చూడు తల్లీ. నేను చెప్తే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు.

కుట్టు విప్పాను. రెగ్జిన్ కింద ఎండు పొగాకు కాడలు, వరసగా, చాప పరిచినట్టు ఉన్నాయి. వాటి కింద తోలు. పాతది, మెత్తటిది, ఒక్క రంధ్రం లేదు. అంచుల్లో కంపెనీ కుట్టు కూడా అలాగే ఉంది. షెడ్డు పక్కన వేరుశనగ గోడౌను ఉండేదట. ఎలకల బాధ. తోలును ఎక్కడ కొరికేస్తాయోనని ఆదెయ్య పొలాల్లో మిగిలిన పొగాకు కాడలు ఏరుకొచ్చి, తోలు మీద పరిచి, దాని మీద రెగ్జిన్ కుట్టించాడు. తోలు తీసెయ్యమని కుట్టేవాడు అంటే పోట్లాడాడట.

"బాబాయ్, ఒకసారి లోపలికి రా" అన్నాను.

పరదా వెనక్కి మగవాళ్లు వచ్చేవాళ్లు కాదు. మా అత్తే లేచి అతనికి పీట వేసింది. ఆదెయ్య తోలును చూశాడు. ఆనందపడతాడనుకున్నాను. మొహం పాలిపోయింది.

"ఎర్రగా ఉండేదే ఇది. దానిమ్మ గింజ మాదిరి ఉండేది. ఇట్టా అయిందేందే?"

వానాకాలపు చెమ్మకు పొగాకు రంగు దిగి, ఎర్ర తోలంతా కాఫీ రంగు చారలు కట్టింది. ఆ చారల మీద వేలు పెట్టి రుద్దాడు. పోలేదు.

"దొంగతనం చెయ్యలేదు గానీ తల్లీ, పాడు చేసింది మాత్రం నేనే" అన్నాడు.

"ఎలక పన్ను ఒక్కటీ పడలేదు బాబాయ్. కాడలు లేకపోతే ఇవాళ నాకు విప్పి చూడటానికి పీచు తప్ప ఏమీ ఉండేది కాదు" అన్నాను. మా అత్త అతని చేతిలో మంచినీళ్ల చెంబు పెట్టింది. అది కూడా పక్కన పెట్టేశాడు.

అప్పుడే నాకు అనుమానం మొదలైంది. ఎలకలు కొరుకుతాయేమోనని తోలుకు కాడలు పరిచి కాపలా పెట్టినవాడు బానెట్ ఊడదీసి అమ్ముతాడా? కానీ అనుమానం సాక్ష్యం కాదు. మంచివాడు కాబట్టి బానెట్ అసలుదే అని నేను చెప్పలేను గదా. నువ్వూ అలా చెప్పకూడదు. మనిషిని చూసి జాలిపడొచ్చు, కానీ దానివల్ల రేకు మారదు. మళ్లీ చూడాలి, అంతే.

గాజుల చప్పుడు

సీటు అమర్చే చోటు కొలత తీసుకుందామని బండి దగ్గరికి వెళ్లాను. లోపలికి వంగుతూ బానెట్ మీద చెయ్యి ఆనించాను. గాజులు తగిలాయి. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎక్కడ విన్నానో గుర్తు రావడం లేదు, కానీ రోజూ వినే చప్పుడే. పుట్టీకి గాజులు తగిలితే మట్టిగోడకు తగిలినట్టే ఉంటుంది, మోగదు. మడ్‌గార్డు మీద తట్టాను, ఇనప రేకు, అది వేరే చప్పుడు. మళ్లీ బానెట్ మీద తట్టాను. డోరు మీద, డిక్కీ మీద తట్టాను. మూడూ ఒకటే గొంతు.

వంటింట్లోకి వెళ్లేసరికి తెలిసింది. అన్నం వార్చి తపేలా మూత పక్కన పెట్టబోతే గాజులు తగిలాయి. అదే గొంతు. అల్యూమినియం.

మీ దాదా అన్నానికి కూర్చున్నాడు. ఆయన చొక్కా జేబులోంచి అయస్కాంతం తీసి, తపేలా మూత ఆయన పళ్లెం పక్కన నిలబెట్టి, దాని మీద పెట్టాను. జారి చాప మీద పడింది.

"ఏందే ఇది?"

"మీ అయస్కాంతమే. అంటడం లేదు. ఈ మూత పుట్టీతో చేశారంటారా?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. ఆయన మూత వైపు చూశాడు, నా వైపు చూశాడు, ముద్ద పళ్లెంలో పెట్టి లేచాడు. బానెట్ ఎత్తి, లోపలి అంచున ఆకురాయితో కొద్దిగా గీకాడు. రంగు కింద తెల్లగా మెరిసింది. డోరు అంచున కూడా గీకాడు. అదే మెరుపు. పుట్టీ లేదు, ఫైబరు లేదు, అతుకు లేదు, బోల్టుల మీది కంపెనీ రంగు కూడా చెదరలేదు. బరువు తగ్గాలని ఆ మూడింటినీ కంపెనీవాళ్లే అల్యూమినియంతో చేసి పంపారు. లారీలూ జీపులూ తప్ప చూడని మాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

ఆయన వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు పోయి తప్పు చెప్పానంటే, రేపట్నుంచి మన మాట ఎవడు నమ్ముతాడే?"

రెండేళ్ల మీ నాన్న నా ఒళ్లో ఉన్నాడు. ఆ షాపే మాకు తిండి. మాట పోతే షాపు పోయినట్టే. ఆయన భయం అబద్ధం కాదు. "రామ్మోహన్ గారిని పక్కకు పిలిచి చెప్తే సరిపోదూ" అని కూడా అన్నాడు.

మా అత్త పరదా అవతల నుంచే అంది. "ఒరేయ్ మస్తానూ, నిన్న రోడ్డు మీద నిలబడి అరిచావు గదరా. ఇవాళ చెవిలో గొణిగితే టీ కొట్టోళ్లకు ఎట్టా వినపడుద్ది?"

అదే చోట

సాయంత్రం రామ్మోహన్ వచ్చాడు. మీ దాదా షాపులో మాట్లాడలేదు. రోడ్డు దాటి టీ కొట్టు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఒక చేతిలో అయస్కాంతం, ఒక చేతిలో మా తపేలా మూత. నేను పరదా పూర్తిగా పక్కకు లాగి చూశాను. ఆరోజు నన్నెవరూ లోపలికి పొమ్మనలేదు.

"నిన్న నేను ఒక మాటన్నా. అది తప్పు" అన్నాడు. గొంతు నిన్నటంత గట్టిగానే ఉంది. "బానెట్, డోర్లు, డిక్కీ మూత మార్చలేదు. అవి అల్యూమినియం. అయస్కాంతం అంటకపోతే పుట్టీ అనుకున్నా. నాకు తెలవక అన్నా. ఇదిగో చూడండి." మూత మీద అయస్కాంతం పెట్టి చూపించాడు. "సీటు తోలు కూడా లోపలే భద్రంగా ఉంది. ఆదెయ్య బాబాయ్ ఈ బండిలోంచి ఒక బోల్టు కూడా తియ్యలేదు."

టీ కొట్టులో, "మెకానిక్కు మస్తానుకు తపేలా పాఠం చెప్పిందిరోయ్" అన్నారెవరో. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అవునన్నా, చెప్పింది" అన్నాడు.

రామ్మోహన్ బండి చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తి గీత చూశాడు. టైరు దగ్గరికి వచ్చి, "ఆదెయ్యా, నేను..." అని ఆగిపోయాడు. అందరం ఆదెయ్య వైపే చూస్తున్నాం. తిడతాడనుకున్నాను. తిట్టినా న్యాయమే.

ఆదెయ్య లేచి నేరుగా బండి దగ్గరికి వెళ్లాడు. వంగి బానెట్ అంచు చూశాడు.

"నా సంగతి సరేలే. ఇక్కడ గీకింది ఎవడ్రా?"

"నేనే బాబాయ్" అన్నాడు మీ దాదా.

"రంగు ఎవడేస్తాడు?"

"నేనే ఏస్తా."

"డోరుకు కూడానా?"

"డోరుకు కూడా."

"సరిగ్గా ఎయ్యి. ఇష్టమొచ్చినట్టు పులిమావంటే ఊరుకోను." గీకిన చోట దుమ్ము తువాలుతో తుడిచాడు. తర్వాత రామ్మోహన్ వైపు తిరిగాడు. "బాబూ, టీ చెప్పించండి. నిన్నట్నుంచి నోరు ఎండిపోయింది."

రామ్మోహన్ తనే వెళ్లి టీ తెచ్చి అతని చేతికిచ్చాడు. ఆదెయ్య బానెట్‌కు ఆనుకుని నిలబడి తాగాడు. ఇంకొకటి కూడా అడిగాడు.

ధర సంగతి

మర్నాడు హైదరాబాదు ఆసామి వచ్చాడు. నెమ్మదస్తుడు. ఈ గొడవంతా విని, "ఈ రకం బండికి అవి అల్యూమినియంవే వస్తాయి కదండీ" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతి అయినట్టు. మేమందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎన్నడూ చూడని బండి ముందుకు వచ్చినప్పుడు, "ఇది నాకు తెలవదు, తెలిసినవాళ్లను అడుగుదాం" అని ఆరోజు మాలో ఒక్కరు అని ఉంటే చాలు. నాకు తెలిసి ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన మాట అదే.

తోలు మరక నేనే చూపించాను. దాచలేదు. ఆయన అందుకు కొంత ధర తగ్గించాడు, తగ్గించడం న్యాయమే. ఆదెయ్య కాపాడిందీ నిజం, మరక పడిందీ నిజం. రెండూ చెప్తేనే మనం చూసినట్టు. ఒకటి దాచి ఇంకొకటి చెప్తే మనమూ బ్రోకర్లమే. కొనేముందు ఆయన ఆదెయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ వస్తువు ఎప్పుడు ఎందుకు మార్చాడో ఒక్కొక్కటీ అడిగాడు. గొట్టాలు, బెల్టులు, లైటు అద్దం. ఆదెయ్య అన్నీ చెప్పాడు. "కాగితాల కంటే ఈయన మంచి సాక్ష్యం" అని ఆ ఆసామి మీ దాదాతో అన్నాడు. బండిని హైదరాబాదు దాకా తోలుకురమ్మని ఆదెయ్యనే అడిగాడు.

బయల్దేరే ముందు ఆదెయ్య పరదా దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న కట్ట. పొగాకు కాడలు.

"సీటు కింద పెట్టి కుట్టు తల్లీ. హైదరాబాదులో మాత్రం ఎలకలు ఉండవా?"

"రంగు దిగుద్ది బాబాయ్."

"అయితే నువ్వే ఏదో ఒకటి ఆలోచించు."

కాడలను మందం గుడ్డ సంచిలో కుట్టి, దాన్ని ప్లాస్టిక్ కాగితంలో సగం చుట్టి, వాసన వచ్చేలా మూతి వదిలి, తోలుకు తగలకుండా స్ప్రింగుల కింద కట్టాను. కొన్నాయనకు చెప్పే కట్టాను. ఆయన నవ్వి ఉండనివ్వమన్నాడు. రంగు ఆరిన బానెట్‌ను ఆదెయ్య మరోసారి తుడిచి, కప్ప బండి ఎక్కి, సత్తెనపల్లి రోడ్డు పట్టాడు. తిరిగి బస్సులో వచ్చాడు. ఆ తర్వాత పేట వచ్చినప్పుడల్లా మా షాపులో టీ తాగి వెళ్లేవాడు. బండి పోయింది గదా అని ఎప్పుడైనా అడిగితే, "పోలేదే, ఉండాల్సిన చోటుకు దింపొచ్చా" అనేవాడు.

మూత

మీ దాదా మాట పోతుందని భయపడ్డాడు గదా. పోలేదు. ఊరికే పొగడటానికి చెప్పడం లేదు. కొన్నాళ్లు టీ కొట్టు దగ్గర వేళాకోళం చేశారు, నిజమే. తర్వాత గుంటూరు నుంచి కూడా బండ్లు తెచ్చేవాళ్లు. "తప్పయితే తప్పని చెప్తాడు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లట.

ఆ సాయంత్రం ఆయన మూత తిరిగి ఇవ్వలేదు. దానికి చిల్లు పెట్టి, షాపులో అయస్కాంతం వేలాడే మేకుకే తగిలించాడు. ఏ బండి గురించైనా మాట చెప్పేముందు ఒకసారి దాని వైపు చూసేవాడు. నాకు కొత్త మూత కొనిస్తానని ప్రతి రంజానుకూ అనేవాడు, ప్రతిసారీ మరిచిపోయేవాడు.

షాపు మూసేసినప్పుడు ఆ మూత ఇంటికొచ్చింది. ఇమ్రాన్ చిన్నప్పుడు దాన్ని దొర్లించి ఆడుకునేవాడు, చిల్లు ఎందుకుందని నువ్వు అడిగావు కూడా. ఎలకలు కొరికాయని చెప్పాను. అల్యూమినియాన్ని ఎలకలు కొరకవని అప్పుడు నీకు తెలియదు.

మీ నాన్న వచ్చే వారం పూణే వస్తున్నాడు. సంచిలో అది పెడుతున్నాను. నీ టేబులు దగ్గర ఎక్కడైనా తగిలించుకో. తపేలా నా దగ్గరే ఉంది. అన్నం వార్చాక దాని మీద పళ్లెం బోర్లించడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది.